కొండ నెక్కినవారు, ఎక్కించినవారు

వైశాఖము గడచి రోహిణికార్తె సమీపించునప్పటికి మన పట్టణములలో జనులు నీడకును చల్లని నీటికిని వెదకులాడుచుందురు. సరిగా ఆ దినములలోనే ఎవరెస్టు శిఖరముమీద గాలి యుద్ధృతి తగ్గి, మనుష్యుడు పైకి పోవుటకు కొలది దినముల యవకాశ మేర్పడును. ఇటీవలి యేండ్లలో మన జిల్లాలనుండియు యువకులును బాలికలును ఆ కొండకు పోవుచున్నారు. వారి యూరివారు, బడిపిల్లలు, చందాలిచ్చిన వర్తకులు చేతిలోని ఫోనులపై నేడు ఏ మజిలీ చేరిరి, రేపు ఏ మజిలీ చేరుదురని గంటగంటకు చూచుచుందురు. శిఖరము చేరిరన్న వార్త రాగానే బాణసంచా, బ్యాండుమేళము, ఊరేగింపు, సన్మానసభ. ఇది తప్పని మే మనము. ఒకరి సాహసమునకు పదిమంది పులకించుట జాతికి ఆరోగ్యలక్షణమే. అయితే ఇంట కూర్చుండి చూచువారి కన్ను దేనిని చూచుచున్నది, దేనిని చూడకున్నది యన్నది విచారింపదగిన విషయము.

2014 మే 25వ తేదీని నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లు నిండకమున్నే, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారుతో గూడ టిబెట్టు వైపునుండి ఆ శిఖరమును చేరెను. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకులముల విద్యార్థులు. భువనగిరి బండమీద మొదటి పాఠములు నేర్చుకొని, డార్జిలింగునందును లడఖునందును మంచులో తర్ఫీదు పొంది వెళ్లినవారు. ఎవరి బిడ్డలకు బడి గడపయే కొండవలె నుండెనో వారి బిడ్డలు అంత యెత్తున నిలువబడుట చూచి ఆంధ్రదేశమంతయు గర్వించెను. మేమును గర్వించితిమి, ఆ గర్వము నేటికిని తగ్గలేదు.

కాని అదే వసంతమున, ఆ దినమునకు 37 దినములు ముందుగా, ఏప్రిల్ 18వ తేదీని, అదే పర్వతము దక్షిణపు వైపున మఱియొకటి జరిగెను. ఖుంబూ హిమనది విఱిగి మెట్లు మెట్లుగా వ్రేలాడుచోట పైనుండి మంచుగడ్డలు కూలి 16 మంది నేపాళీయులు మరణించిరి. వారిలో శిఖరమునకు పోవ వచ్చిన యాత్రికు డొక్కడైన లేడు. అందఱును యాత్రికుల కొఱకు బరువులు మోయుచు, దారి చక్కజేయుచు నుండినవారే. చనిపోయినవాని కుటుంబమునకు తలకు 40,000 నేపాళ రూపాయలు నేపాళ ప్రభుత్వమువారు మొదట ప్రకటించిరి. షెర్పాలు ఆ మొత్తమును అవమానముగ భావించి, ఆ యేడు ఆ వైపున పని మానివేసిరి. అంతతో దక్షిణమార్గమున యాత్రలు నిలిచిపోయినవి. పనివారు చేయి దించిననాడు ఎంత ధనికుడైనను ఆ కొండమీద అడుగు ముందు కిడజాలడన్న సత్యము ప్రపంచమునకు ఆ విధముగ తెలిసినది.

ఈ యాత్ర లెట్లు నడచునో చదువరులకు కొంత విప్పి చెప్పవలసియున్నది. 1985లో డిక్ బాస్ అను అమెరికను వర్తకుడు తన 55వ యేట అనుభవజ్ఞుడైన యారోహకుని తోడుతో ఎవరెస్టు నెక్కెను. నిపుణులకే సాధ్యమనుకొన్నది, ధనమును దార్ఢ్యమును గలవారికిని సాధ్యమే యని లోకమునకు తోచెను. పిమ్మట కంపెనీలు వెలసినవి. యాత్రికుడు రుసుము చెల్లించును. కంపెనీ ఏర్పాట్లు చేయును. ఏటేట మొదట కొందఱు షెర్పాలు పోయి మంచు నెఱ్ఱెలపై నిచ్చెనలు పఱతురు. ఇంకను కొందఱు గుడారములు, ఆహారము, ప్రాణవాయువు సిలిండర్లు పై మజిలీలకు చేర్తురు. వేఱొక జట్టు శిఖరము వఱకు త్రాడు బిగించును. యాత్రికుడు తన నడుము పట్టెడను ఆ త్రాటికి తగిలించుకొని పైకి పోవును. అత డా మంచు మెట్లదారిని దాటునది కొలది పర్యాయములు; షెర్పా బరువుతో దాటునది అంతకు ఎన్నో రెట్లు.

పూర్వము అలిపిరి దారిని డోలీలో కొండ యెక్కిన వృద్ధురాలు తాను నడచి యెక్కితినని చెప్పుకొనెడిది కాదు. బోయీలు ప్రక్కనే యుండగా ఆ మాట యనుటకు నోరెట్లు వచ్చును? ఎవరెస్టు యాత్రికుడు తన కాళ్లతోనే యెక్కును, తన ఊపిరితిత్తులతోనే యాతన పడును గనుక ఈ పోలిక పూర్తిగా పొసగదు. అయినను మన సన్మానపత్రములలో ఎక్కినవాని పేరు వ్రేలెడేసి యక్షరములలో నుండును; త్రాడు కట్టినవాని పేరు ఎక్కడను కానరాదు.

ఇందు మనకు పట్టింపు ఏల యందురా? 1953 మే 29వ తేదీని టెంసింగు నార్గే, ఎడ్మండు హిల్లరీలు తొలిసారి శిఖరము చేరినప్పుడు ఆంగ్లేయప్రభుత్వమువారు హిల్లరీకిని, దండు నాయకుడు హంటుకును సర్ బిరుదము లిచ్చి, టెంసింగునకు జార్జి పతక మొసంగిరి. ఇద్దఱొకే త్రాటికి కట్టుకొని యెక్కినవారు గదా, బిరుదములో ఈ హెచ్చుతగ్గు లేల యని మనవారనేకులు నొచ్చుకొనిరి. నొచ్చుకొనుట న్యాయమే. మఱుసటి యేడు డార్జిలింగున పర్వతారోహణ విద్యాలయమును స్థాపించి టెంసింగును అందు శిక్షణాధిపతిగ నియమించుట ఆ న్యాయమును కొంత చెల్లించుటయే. ఆనాడు తెల్లదొరలు చేసినప్పుడు అన్యాయమైనది, నేడు మన పురమందిరములలో మనమే చేసినచో న్యాయ మెట్లగును?

ఇక రెండవ విషయము. ఇంటి యభిమానము కొండమీదివానికి బలమే కాదు, బరువును గూడ. 1996 మే 10వ తేదీ కథ ఇందుకు సాక్ష్యము. డగ్ హాన్సెను అను అమెరికను తపాలా యుద్యోగి అంతకు ముందటి యేడు శిఖరమునకు కొంచెము దిగువనుండి మరలవలసివచ్చెను. మరల్చినవాడు అతని మార్గదర్శకుడు న్యూజీలండు వాసి రాబ్ హాలు. 1996లో హాన్సెను తిరిగి వచ్చునప్పుడు అతని యూరి బడిపిల్లలు చొక్కాలు అమ్మి యాత్రకు సొమ్ము కూర్చి యిచ్చిరి. ఎంత ముద్దైన సంగతి! మధ్యాహ్నము 2 గంటలకు ఎక్కడనున్నను వెనుదిరుగవలెనన్నది నియమము. హాన్సెను శిఖరము చేరునప్పటికి 4 గంటలైనది. రెండవసారి యతనిని మరల్చుటకు హాలుకు మనసు రాలేదు కాబోలు. తుపాను పట్టుకొన్నది. ఇద్దఱును దిగిరాలేదు. కడపటి గడియలలో హాలు రేడియోమూలకముగ న్యూజీలండులో గర్భవతియైన తన భార్యతో మాటలాడెను. ఆ పిల్లల చొక్కాలే అతనిని చంపినవని చెప్పుట క్రూరత్వము; మే మట్లు చెప్పము. కాని ఊరంతయు కాచుకొనియున్నదన్న తలపు, ఊపిరాడని యెత్తున, కాళ్లను ఏ దిక్కునకు లాగునో ఊహింపదగినదే. అదే సాయంకాలము ఉత్తరపు వైపున మన భారత టిబెట్టు సరిహద్దు పోలీసువారు ముగ్గురు శిఖరము చేరితిమని రేడియోలో వార్త పంపిరి. ఆ ముగ్గురును తిరిగి రాలేదు.

2019 మే నెలలో శిఖరము క్రింది సన్నని గట్టుమీద మనుష్యులు చీమలబారువలె నిలిచియున్న పటమును మీరందఱు చూచియుందురు. ఆ యేడు ఆ పర్వతముమీద 11 మంది మరణించిరి. వరుసలో నిలిచినంతసేపు సిలిండరులోని వాయువు తఱుగుచునే యుండును. వరుస వీడి క్రిందికి దిగువానికి ఏ యూరిలోను పూలదండ సిద్ధముగ నుండదు.

దండ శిఖరమునకు మాత్రమే యుండుటవలన ఇంకొక దురాచారము గూడ పుట్టినది. 2016లో మహారాష్ట్ర పోలీసు దంపతు లిద్దఱు ఇతరుల పటమును దిద్ది తాము శిఖరము చేరినట్లు చూపి, పట్టుబడి, నేపాళ ప్రభుత్వముచేత నిషేధమును పొంది, తుదకు ఉద్యోగములను గోల్పోయిరి. న్యాయస్థానములో దొంగ దస్తావేజులను చూచి చూచి మాకు ఆశ్చర్యము కలుగలేదు. గిరాకి యున్నచోట నకలు పుట్టుచుండును.

ఇంటివారి యభిమానము సార్థకమైన ఘట్టమును గూడ చెప్పవలెను. నెల్లూరు జిల్లా గాంధీజనసంగములో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 దినములలో ఏడు ఖండముల ఉన్నతశిఖరముల నెక్కిన ధీరుడు. 2015 మార్చి 24వ తేదీని అర్జెంటీనా, చిలీ దేశముల సరిహద్దున ఆండీసు పర్వతములలో ఒంటరిగ నెక్కుచు కానరాకపోయెను. అతని మిత్రులు దేశదేశములనుండి యెలుగెత్తి, విదేశాంగశాఖను కదిలించి, వెదకుటకు మనుష్యులను పంపించిరి. ఏప్రిల్ మొదటి వారమున అతని శరీరము దొరికినది. ఆ నెలలోనే స్వగ్రామమునకు చేరినది. ప్రాణము దక్కలేదు. అయినను ఆ మిత్రులు మనిషి ఎక్కడ యని వెదకిరి గాని శిఖరము చేరెనా యని అడుగలేదు.

ప్రస్తుతము నేపాళములో వసంతకాలపు అనుమతి రుసుమే 15,000 డాలరులు. 2025 సెప్టెంబరువఱకు అది 11,000 డాలరులు. కంపెనీ ఖర్చులు వేఱు. సామాన్యకుటుంబపు బిడ్డ పోవలెనన్న చందా తప్పదు. చందా యిచ్చువానికి అడుగు హక్కు గలదు. ఖరారునామా చదువక చేవ్రాలు చేయవద్దని కక్షిదారులకు చెప్పు వృత్తిలోనివారము గనుక ఇక్కడను అదియే చెప్పుచున్నాము. వెంట పోవు షెర్పాల పేర్లేవి? వారి ప్రాణమునకు భీమా యెంత? 2014 విపత్తు పిమ్మట నేపాళప్రభుత్వము ఈ మొత్తమును 10 లక్షలనుండి 15 లక్షల నేపాళ రూపాయలకు పెంచినది. అంతకు మించి చేయింపగూడదని ఏ చట్టమును లేదు, చందాలో కొంత భాగము దీనికై ప్రత్యేకింపవచ్చును. పోవువాడు ఇంతకుముందు ఏ యే కొండల నెక్కెను? మరలుమని మార్గదర్శకుడు చెప్పిన మాట తుదిమాటయని తల్లిదండ్రులును సన్మానసంఘమువారును ముందుగనే వ్రాసియిత్తురా? వెనుదిరిగి వచ్చినను సభ జరుగునా?

రాబోవు యాత్రాకాలమునకు చందాపుస్తకముతో మా కార్యాలయపు గుమ్మ మెక్కువారిని మే మీ ప్రశ్నలే యడుగుదుము. వ్రాతమూలకముగ సమాధానము తెచ్చినవారి పేరును, వారి షెర్పాల పేర్లను ఒకే పంక్తిలో, ఒకే యక్షరములతో ఈ పుటలో ప్రకటింతుము.