వట్టికాళ్ళ ఉపదేశం

మొన్న మండపేటలో ఒక సన్మానసభలో మైకు చేతికందిన పెద్దమనిషి సన్మానం సంగతి వదిలేసి కాళ్ళ మీద పడ్డాడు. "మా తాతయ్య జన్మలో చెప్పు తొడగలేదండి. మడమనొప్పంటే ఏంటో ఎరగడు. ఆ చెప్పులవతల పారేసి వట్టికాళ్ళతో నడవండి, షుగరూ బీపీ వాటంతటవే దిగొస్తాయి" అన్నాడు. చప్పట్లు కొట్టారు జనం. దిగి కారెక్కుతుంటే చూశాను, తోలుబూట్లు. లోపల సాక్సులు కూడాను.

ఈ ఉపదేశం ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడే. పొద్దున్నే కాలవగట్టు మీద నడిచేవాళ్ళు చెబుతారు. ఫోన్లో వీడియోలు పంపేవాళ్ళు చెబుతారు. అరికాల్లో గుండెకో మీట, కాలేయానికో మీట ఉన్నాయని బొమ్మ గీసి ముళ్ళచాపలు అమ్మేవాళ్ళు చెబుతారు. భూమిలోంచి ఏదో శక్తి అరికాలి గుండా ఎక్కుతుందట. అదే నిజమైతే సార్వాకీ దాళ్వాకీ మోకాల్లోతు బురదలో ఊడ్చే ఆడవాళ్ళకి ఈపాటికి డెల్టా అంతటికీ సరిపడా ఎక్కి ఉండాలి.

ముందు ఆ తాతల సంగతి తేలుద్దాం. వాళ్ళు వట్టికాళ్ళతో నడిచింది ఆరోగ్యం కోసం కాదు. కొందరికి చెప్పులు కొనే స్తోమతు లేదు. కొందరికి కొన్నా తొడుక్కునే హక్కు లేదు. పెద్దకులాల వీధి దాటేదాకా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మనుషులున్న నేల ఇది. తోలు శుభ్రం చేసి, కోసి, కుట్టిచ్చిన మనిషే ఆ చెప్పులతో రచ్చబండ ముందు నుంచి పోలేకపోయాడు. ఆ దాష్టీకానికి ఇప్పుడు ఆరోగ్యసూత్రమని పేరు పెట్టి, మైకులో చెప్పి, చప్పట్లు కొట్టించుకుంటున్నాం. సిగ్గుండాలి.

పోనీ నొప్పి లేదనేది నిజమా? నొప్పి ఎరగనివాళ్ళు పగుళ్ళలో ఆముదం ఎందుకు పోసుకున్నారు? ఆనెకాయకి జీడిగింజ కాల్చి ఎందుకు పెట్టుకున్నారు? ఆషాఢంలో గోరింటాకు ముద్ద ఆడవాళ్ళ అరికాళ్ళకి ఎక్కింది వయ్యారానికే అనుకుంటున్నారా? ఊడ్పులు మొదలైతే రోజంతా నీళ్ళలో నాని వేళ్ళసందులు పాసిపోతాయి, తోలు ఊడొస్తుంది, రాత్రి నిద్రపట్టనివ్వని మంట. తాతయ్యకి నొప్పి లేదని చెప్పింది ఎవరు, తాతయ్యా? ఆయన్నెవరడిగారు? కూలి పోతుందని నోరు మూసుకున్నవాళ్ళ మౌనాన్ని ఆరోగ్యం కింద లెక్కేసుకుంటే ఎలా?

తాతల దాకా ఎందుకు, మన మిల్లులకే వెళ్ళండి. ఉప్పుడు బియ్యానికి ఉడకబెట్టిన ధాన్యం సిమెంటు కళ్ళంలో ఆరబోసి, ఎండలో పాదాలు ఈడ్చుకుంటూ సాలు సాలుగా తిరగేసే కూలీలున్నారు. యంత్రాలు వచ్చినచోట ఆ బాధ తప్పింది, రానిచోట తప్పలేదు. ఆ పాదాలు ఒక్కసారి తిప్పి చూడండి. మే నెల మిట్టమధ్యాహ్నం ఆ కళ్ళంలో మన వక్తగారు ఒక్క సాలు నడిచి వస్తే, ఆయన ఉపన్యాసం ముందువరసలో కూర్చుని వింటాను.

వట్టికాలు ఏమేం తెచ్చిపెట్టిందో డాక్టర్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మలం కలిసిన మట్టిలోంచి కొంకిపురుగు పిల్లలు పాదం చర్మం గుండా లోపలికి దూరి పేగుల్లో చేరి రక్తం పీల్చేస్తాయి. పల్లెల్లో పాలిపోయిన మొహాలకి అదొక కారణం. ముల్లు గుచ్చుకున్నచోట శిలీంధ్రం చేరి ఏళ్ళ తరబడి చీము కార్చే పుండుకి ప్రపంచమంతా మదురై పేరు పెట్టింది, అక్కడి వట్టికాళ్ళ రైతుల్లో చూశారు గనక. ఇక మన గోదావరి సొంత ఆస్తి బోదకాలు. అది దోమ వల్ల వస్తుంది, నిజమే. కానీ వచ్చాక మాటిమాటికీ చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళలు, ప్రతిసారీ కాలు మరికాస్త లావెక్కడం, వీటికి దారి ఆ పాసిన వేళ్ళసందులూ మడమ పగుళ్ళే. ఈ జబ్బు కోసమే రాజమండ్రిలో కేంద్రప్రభుత్వం ఒక శిక్షణ కేంద్రం నడుపుతోంది. ఏటా మాత్రలు పంచే కార్యక్రమం పెట్టింది. ఇప్పటికే లావెక్కిన కాలికి డాక్టర్లు చెప్పే సేవ కూడా పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రోజూ సబ్బుతో కడగడం, వేళ్ళ మధ్య తడి లేకుండా ఒత్తడం, పాసినచోట మందు రాయడం, పడుకున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకోవడం, చెప్పులు తొడగడం. అవును, చెప్పులు తొడగడం.

నాకు అసలు ఒళ్ళు మండేది షుగర్ వాళ్ళకి ఈ సలహా ఇస్తున్నందుకు. ఏళ్ళ తరబడి చక్కెర అదుపు తప్పితే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. మేకు దిగినా తెలీదు. గుడి ప్రదక్షిణలో బండరాయి కాల్చినా తెలీదు. ఇంటికొచ్చి తడిగుడ్డతో తుడిచినప్పుడు తెలుస్తుంది తోలు లేచిందని. అలాంటి కాలితో ఇంట్లో కూడా వట్టిగా తిరగొద్దని వైద్యం చెబుతుంటే, మనవాళ్ళు గులకరాళ్ళ మీద నడిపిస్తున్నారు. పైగా మడమ పోటుకి వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి తొక్కమంటారు. స్పర్శ ఉన్నవాడు చురుక్కుమనగానే తీస్తాడు. లేనివాడు హాయిగా ఉందని అలాగే ఉంచుతాడు. ద్వారపూడి అయ్యప్ప గుడి మనకి కూతవేటు దూరం. మండలం రోజుల వట్టికాళ్ళ దీక్ష మీద నాకే పేచీ లేదు. కాళ్ళు మొద్దుబారిన స్వామికి మెత్తటి పాదరక్ష వేసుకోమని గురుస్వామి ఒక్కమాట చెబితే అయ్యప్ప అలుగుతాడా?

నొప్పి తెలియని పాదం ఏమవుతుందో మన దేశంలోనే తేల్చారు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పాదాల్ని పట్టి చూసి, మాంసం దానంతటది కుళ్ళడం లేదు, స్పర్శ పోయినందువల్ల దెబ్బ మీద దెబ్బ తగిలి పుండవుతోందని చూపించాడు. అరికాలి కింద మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎం.సి.ఆర్.) పరిచిన చెప్పులు అక్కడి పనిలోంచే వచ్చాయి. ఇవాళ మన బజార్లో షుగర్ చెప్పులని అమ్మేవి వాటి వారసులే. కొనేముందు వెనకపట్టీ ఉందో లేదో చూసుకోండి. పట్టీ లేనిది జారిపోయినా మొద్దుబారిన కాలికి తెలీదు.

మామూలు మడమనొప్పి సంగతికొస్తే, పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేయగానే పొడిచి, నడుస్తుంటే సర్దుకునేది సాధారణంగా అరికాలి కింది కణజాలపు పట్టీ వాపు. తాతయ్య పేడ అలికిన మట్టినేల మీద తిరిగాడు. మనం గ్రానైటు పరిచి, దాని మీద రోజంతా వట్టికాళ్ళతో నిలబడి, ఆ నెపం చెప్పుల మీద పెడుతున్నాం. పిక్క, అరికాలు సాగదీసే వ్యాయామం, ఇంట్లో కూడా మెత్తటి చెప్పు, ఒంటి బరువు తగ్గించుకోవడం, ఓపిక. ఎక్కువమందికి ఏడాది లోపలే తగ్గుతుంది. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందని బెదిరించేవాళ్ళు మరో రకం. ఆ ముల్లు నొప్పి ఎరగని మడమల్లోనూ కనపడుతుంది.

బెణుకుల గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాడి చేత తొక్కించుకునేవాళ్ళూ, వాచిన చీలమండని వేడినూనెతో పిసికేవాళ్ళూ, పుత్తూరు కట్టు అని బోర్డు కనపడితే చాలు దూరిపోయేవాళ్ళూ ఇంకా ఉన్నారు. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచున నొక్కితే విలవిల్లాడినా ఎక్స్‌రే తీయించాలని కెనడా డాక్టర్లు 1992లోనే తేల్చిపెట్టారు. అంతకుముందు ఏ కట్టూ వద్దు.

మరేం చేయాలంటారా? సర్కారు ఆసుపత్రిలో వారానికో పూట కాళ్ళు చూసే నర్సొకరు కావాలి. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగు ఒకటి చేతిలో ఉంటే స్పర్శ ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. కళ్ళం కూలీలకీ ఊడ్పుల వాళ్ళకీ పాదాలకి ఏం తొడగాలో, దానికి ఎవరు డబ్బివ్వాలో మిల్లు యజమానులూ రైతులూ కూర్చుని తేల్చుకోవాలి. బురదలో ఏ చెప్పూ నిలవదని నాకూ తెలుసు. డబ్బు లేదని మాత్రం అనకండి. ఊరూరా పార్కుల్లో గులకరాళ్ళ బాటలకి దొరుకుతోందిగా.