లక్ష పెట్టి ల్యాప్‌టాప్.. ఇంజినీరింగ్ పిల్లలకు అవసరమా?

వరంగల్ నిట్‌లోనో, మరో కాలేజీలోనో సీటు రాగానే ఇంట్లో మొదలయ్యే పంచాయితీ ల్యాప్‌టాప్‌దే. 2025 మార్చిలో ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ మన మార్కెట్లోకి రూ.99,900కి వచ్చింది. బరువు 1.24 కిలోలే, ఛార్జింగ్ కూడా బాగా నిలుస్తుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఓకే. మెకానికల్, సివిల్ వాళ్లు మాత్రం ఆగాల్సిందే. సాలిడ్‌వర్క్స్, ఆన్సిస్ లాంటి సాఫ్ట్‌వేర్లు మ్యాక్‌ఓఎస్‌పై నడవవు. అంటే లక్ష పోసినా ప్రాజెక్టుకి మళ్లీ కాలేజీ ల్యాబే దిక్కు! ఇంకో మెలిక.. ఇందులో ర్యామ్ తర్వాత పెంచుకోలేం, కొన్నప్పుడు ఎంతుంటే అంతే. ఫస్టియర్ సీ, పైథాన్ ప్రోగ్రామ్‌లకైతే సగం ధర విండోస్ ల్యాప్‌టాప్ చాలు. స్లైడింగ్‌లో బ్రాంచ్ కూడా మారొచ్చు. అప్పు చేసి కొనే తల్లిదండ్రులు అది తేలాకే షాపుకెళ్లడం బెటర్.