మానై వంగిన జీవితం

“మొక్కై వంగనిది మానై వంగునా?” అనే సామెత పాఠశాలలలో వినిపించినంత తరచుగా మరెక్కడా వినిపించదు. చదువు మధ్యలో మానివేసిన పిల్లవానిని గురించి నాలుగు రోజులు విచారించి, ఐదవ రోజున ఈ సామెతను స్మరించి, హాజరుపట్టీలో అతని పేరు కొట్టివేయడం పరిపాటి. ఆ సామెతలో సత్యం ఏపాటిదో తూచి చూడడానికి, పాఠశాలకు ఎంతో దూరంగా గడచిన ఒక జీవితం ఉపకరిస్తుంది. అది డఫ్ మెకేగన్ అనే అమెరికన్ సంగీతకారుని జీవితం.

ఆయన 1964 ఫిబ్రవరి 5న సియాటిల్ నగరంలో ఎనిమిదిమంది సంతానంలో కడగొట్టువాడుగా జన్మించాడు. హైస్కూలు చదువు ముగియకుండానే వాద్యబృందాలలో చేరి, డ్రమ్సూ గిటారూ వాయించాడు. 1984లో, ఇరవై యేళ్ళ వయస్సున, లాస్ ఏంజెలిస్ చేరి, బేస్ వాద్యకారుడు కావలెనన్న ఒక పత్రికా ప్రకటనకు జవాబిచ్చాడు. ఉబ్బించిన జుట్టు, ముఖాన రంగులు, బిగుతైన తోలు దుస్తులు ధరించే ‘గ్లామ్ మెటల్’ బృందాలు ఆ నగరపు సన్‌సెట్ స్ట్రిప్ వీధిలో వెలిగిపోతున్న కాలమది. వాటి నడుమనే 1985లో ‘గన్స్ ఎన్ రోజెస్’ అనే బృందం రూపొందింది. మెకేగన్ అందులో బేస్ వాద్యకారుడయ్యాడు.

బేస్ గిటారుకు సాధారణంగా నాలుగే తంతులు. అవి లావైనవి, మంద్రమైనవి. డ్రమ్సు నడిపే తాళాన్ని, గిటారు పలికే రాగాన్ని కలిపి పట్టి వుంచడం దాని పని. శ్రోతల చూపు గాయకుని మీదనో, గిటారు వాద్యకారుని మీదనో నిలుస్తుంది. బేస్ ఆగిపోయిననాడు మాత్రమే పాట కాళ్ళ క్రింద నేల లేదని తెలుస్తుంది.

ఆ బృందపు తొలి సంపుటం ‘అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్’ 1987లో వెలువడి, మరుసటి యేడు అమెరికాలో ప్రథమస్థానానికి ఎక్కింది. నేటికి లోకమంతటా సుమారు మూడు కోట్ల ప్రతులు అమ్ముడైనవని లెక్క. కీర్తి వచ్చింది, ధనం వచ్చింది. వాటి వెంటనే మద్యమూ, మత్తుపదార్థాలూ వచ్చినవి. కౌమారం నుండి వేధించిన భయావేశాలను అణచుకోవడానికి మద్యమే మందని ఆయన నమ్మాడు. 1994 మే నెలలో, నిండా ముప్ఫై యేళ్ళ వయస్సున, క్లోమగ్రంథి వాచి పగిలి, ఆయన మృత్యుముఖంలో పడ్డాడు. పార్కిన్సన్ వ్యాధితో చక్రాల కుర్చీకి పరిమితమైన తల్లి, ఆసుపత్రిలో కడగొట్టు కుమారుని మంచం ప్రక్కన కూర్చుండవలసి వచ్చింది. ఎవరు ఎవరికి సేవ చేయవలసిన వయస్సది! ఆ దృశ్యమే తన కళ్ళు తెరిపించిందని ఆయన తరువాత వ్రాసుకున్నాడు.

మద్యం మానిన పిమ్మట మరొక సత్యం బయటపడింది. తన బృందపు ఆదాయవ్యయాల పత్రాలు ముందు పెట్టుకుంటే, వాటిలో ఒక్క వరుసా ఆయనకు బోధపడలేదు. తన సొమ్ము లెక్క తానే చదువలేని స్థితి అది. ఇటువంటి చోట చాలామంది గుమాస్తాను నియమించుకుంటారు. ఆయన కళాశాలకు వెళ్ళాడు. మొదట సాంటా మోనికాలో ప్రాథమిక ఆర్థికవిషయాలు నేర్చి, 1997లో బృందాన్ని విడిచిన తరువాత, సియాటిల్ విశ్వవిద్యాలయపు వాణిజ్య విభాగంలో తనకంటె ఎంతో చిన్నవారి సరసన విద్యార్థిగా కూర్చున్నాడు.

ధనమూ తీరికా వున్నవానికి ఇది వింత కాదని కొందరు అనవచ్చు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కూలి మానుకుంటే పూట గడవనివాడు ముప్ఫై యేళ్ళకు కళాశాల గడప ఎక్కడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. అయితే ధనంతో కొనలేనిది ఒకటున్నది: “నాకు తెలియదు” అని ఒప్పుకునే ధైర్యం. వేలాదిమంది చప్పట్లకు అలవాటుపడినవాడు ప్రాథమిక పాఠం ముందు తల వంచడం సులభం కాదు. నిజానికి ఆయన పట్టా పుచ్చుకోకుండానే, కొత్తగా ఏర్పడిన ‘వెల్వెట్ రివాల్వర్’ బృందంతో తిరిగి సంగీతంలోకి వెళ్ళాడు. కాని నేర్చినది వృథా కాలేదు. పత్రికలకు వ్యాసాలు వ్రాశాడు. 2011లో ఆత్మకథ ప్రకటించాడు. 2016లో పాత బృందంలో మరల చేరి, తన వాద్యాన్ని తాను అందుకున్నాడు.

ఈ కథ విని, చదువు మానినా కీర్తి వస్తుందని విద్యార్థులు భ్రమపడరాదు. ఆ వీధిలో గిటారు పట్టిన వేలాదిమందిలో పేరు మిగిలినవారు బహు కొద్దిమంది; మిగిలిన ఆయన సైతం ప్రాణాన్ని అంచుదాకా తెచ్చుకున్నాడు. మాను వంగుతుంది, కాని నొప్పితో వంగుతుంది. కనుకనే మొక్కగా వున్నప్పుడు వంచడం మేలని సామెత హెచ్చరిస్తున్నది. ఆ హెచ్చరికను శాపంగా మార్చడమే తప్పు. పేరు కొట్టివేసిన పిల్లవాడు పదిహేనేళ్ళ తరువాత గుమ్మంలో నిలబడి, “నాకు లెక్కలు నేర్పుతారా?” అని అడిగితే, సామెత వల్లించక, బల్లపై కొంచెం చోటు చూపడమే ఉపాధ్యాయ ధర్మం.