ఆస్పత్రిలో బిడ్డకు ఏం పెట్టాలి?

విడవని జ్వరం, పాలిపోయిన ముఖం, ఒంటిమీద ఎర్రని చుక్కలు, చిగుళ్లనుంచి రక్తం, కాళ్ల నొప్పులు. ఇవి కలిసి కనిపిస్తే డాక్టర్లు రక్త కాన్సర్‌ను అనుమానిస్తారు. ఇవే లక్షణాలు వేరే జబ్బుల్లోనూ ఉండవచ్చు. ఎముక మూలుగ పరీక్ష చేస్తేగాని సంగతి తేలదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలనుంచి అలాంటి బిడ్డను కర్నూలు పెద్దాస్పత్రికి తెచ్చిన తల్లిదండ్రులకు జబ్బు భయమే తప్ప తిండి ధ్యాస ఉండదు. బక్కచిక్కిన బిడ్డ కాన్సర్ మందుల తాకిడికి తట్టుకోవడం కష్టం. అందుచేత తిండి విషయంలో జాగ్రత్త మొదటి రోజునుంచే ఉండాలి.

రక్తం తక్కువగా ఉందని మీ అంతట మీరు టానిక్కులు పోయకండి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ కోవకు చెందిన మందును రక్త కాన్సర్ పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్లు కనిపించింది. అప్పుడు సుబ్బారావు గారి బృందమే ఆ విటమిన్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను అందించింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ప్రకారం, 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. ఆ జాతి మందే అయిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నాం. ఉడికించిన ఆకుకూరలకు భయపడనక్కరలేదు. మాత్రలు, టానిక్కులు మాత్రం డాక్టరు చెప్పనిదే వద్దు. పరీక్షకు ముందే స్టిరాయిడ్ మాత్రలు వేస్తే అసలు జబ్బు మరుగున పడిపోవచ్చు.

ఇక తిండి సంగతి. ఒక్కసారే కడుపునిండా పెట్టాలని బలవంతం చేయకండి. రెండు గంటలకొకసారి కొద్ది కొద్దిగా పెట్టండి. మెత్తగా వండిన కొర్రన్నంలో పప్పు, నెయ్యి. పాలు కలిపిన రాగిజావ. బాగా ఉడికిన గుడ్డు ఇవ్వవచ్చు. జొన్నరొట్టె ఇష్టమైతే వేడి పాలలో నానబెట్టి పెట్టండి. గట్టి రొట్టె పుండ్లు పడిన నోటికి గుచ్చుకుంటుంది. నోరు పూసినప్పుడు కారం, పులుపు మానండి.

తెల్లకణాలు తగ్గినప్పుడు చిన్న అశుభ్రత కూడా పెద్ద జ్వరానికి దారితీస్తుంది. అప్పటికప్పుడు వండినదే పెట్టండి. బండిమీది ఉగ్గాని బజ్జీ, కోసి అమ్మే పండ్లు, పచ్చి ఉల్లిపాయ, చద్దన్నం వద్దు. నీళ్లు కాచి చల్లార్చి ఇవ్వండి. అరటి, బత్తాయి కడిగి, చేతులు కడుక్కుని, తొక్క తీసి పెట్టండి. పెరుగు పెట్టవచ్చునేమో డాక్టరును అడగండి.

మూలుగ పరీక్షకు ముందు కడుపు ఖాళీగా ఉంచమంటే, ఏ గంటనుంచి ఏ గంటదాకా అని నర్సును అడగండి. పరీక్ష వాయిదా పడితే బిడ్డకు తిండి పెట్టవచ్చునా అని వెంటనే కనుక్కోండి. పొద్దంతా పస్తు ఉంచవద్దు.

దసరాకు దేవరగట్టు మాళ మల్లేశ్వరస్వామికి మొక్కుకుంటే ఆ దీక్ష, ఉపవాసం పెద్దలు చేయండి. జబ్బు బిడ్డచేత చేయించకండి. తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు బన్ని ఉత్సవం జనసందోహంలోకి తీసుకుపోకండి.

బిడ్డ బరువు వారానికొకసారి తూయించండి. తగ్గుతుంటే డాక్టరుకు చెప్పండి. ముక్కుగుండా గొట్టం వేసి ఆహారం ఇస్తామంటే హడలిపోకండి. అది ఆశ వదులుకున్న గుర్తు కాదు, బిడ్డకు బలం నిలిపే ఉపాయం. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం రక్త కాన్సర్, మంచి చికిత్స చివరిదాకా అందితే చాలామందికి నయమవుతుంది. ఆ చివరిదాకా నడిచే శక్తిని బిడ్డకు ఇవ్వడంలో మందుతోపాటు మీరు పెట్టే ముద్దకూ పాలుంది.