60లో ఏముంది?

తిరుపతిలో గణితం అనగానే ఇప్పుడు ఐఐటీ, ఐసర్ పేర్లే ముందు వినిపిస్తాయి. రెండూ 2015లో వచ్చినవి. 1954లో మొదలైన మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో అంతకు చాలా ముందే మతుకుమల్లి వెంకట సుబ్బారావు పాఠాలు చెప్పారు. 1921లో గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో, తిరుపతిలో, మిస్సోరీలో పనిచేసి 1963లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం చేరారు. ఇక కదల్లేదు.

ఈ ఉద్యోగాల చిట్టా కన్నా ఆయన పట్టుకున్న సంఖ్యలే రుచిగా ఉంటాయి. 60నే తీసుకోండి. దాన్ని రెండు సంఖ్యల లబ్ధంగా విడగొట్టాలి. ఆ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. అలా దొరికే వాటిలో 60ని పక్కన పెడితే మిగిలేవి 1, 3, 4, 5, 12, 15, 20. కూడితే మళ్లీ 60! (నమ్మకపోతే కూడి చూడండి, మేం ఆగుతాం.) ఇలా కుదిరే సంఖ్యలు 6, 60, 90, 87360. ఈ నాలుగింటి మీద 1966లో వారెన్ అనే గణితవేత్తతో కలిసి ఆయన వ్యాసం రాశారు. 1975లో మరో గణితవేత్త వాల్ వ్యాసంగా ప్రచురించిన అయిదోదానికి 24 అంకెలు. ఆరోది ఇంతవరకూ దొరకలేదు, అసలు ఉందో లేదో ఎవరూ తేల్చలేదు.

2006లో సుబ్బారావు ఎడ్మంటన్‌లో కన్నుమూశారు.

ఈ సంచిక మన ప్రాంతంలో లెక్కలు చెప్పిన మాస్టార్లది. ఎవరికీ ర్యాంకులు వేయలేదు.