"మనకెందుకు" అనేటోళ్లకు ఒక మాట

రంగుల పట్టీల పటం ఒకటి వేలంపాటకు వచ్చిన వీడియో మన గ్రూపుల్లో తిరుగుతున్నది. ఇట్లాంటివి లక్షల డాలర్లు పలుకుతయి. కింద మనోళ్ల కామెంట్లు చూసిన. "గీతలకు గిన్ని పైసలా, మా సైటు పెయింటర్ రోజుకు పది చేస్తడు" అని ఒకరు. "లేబరోళ్లం, మనకెందుకు ఇవన్నీ" అని ఇంకొకరు. మొదటి మాట తప్పు. రెండోది ఇంకా పెద్ద తప్పు.

అది గీతలు కాదు. చేసినాయన పేరు కార్లోస్ క్రూజ్-డియెజ్. వెనిజులా దేశం, 1923ల కారకాస్‌ల పుట్టిండు. 1959 నుంచి 'ఫిజిక్రోమీ' అనే పటాలు చేసిండు. పలక మీద సన్నటి పట్టీలు నిలువుగ, అంచు మన దిక్కు ఉండేటట్టు వరుసగ బిగిస్తరు. పట్టీకి ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు. ఎడమ దిక్కు నుంచి కుడి దిక్కు నడిస్తే పటం మొత్తం రంగు మారుతది. మోటరు లేదు, కరెంటు లేదు. ఒక పట్టీ రంగు వెలుతురుతో పక్క పట్టీ మీద పడి, ఎవడూ పూయని కొత్త రంగు కనబడ్తది. క్లాడింగ్ పని చేసినోళ్లకు చెప్పే పని లేదు. ఫిన్ను కొంచెం లైను తప్పినా ఎండ పడంగనే బయట పడ్తది. మరి వందల పట్టీలు తప్పకుండ నిలబెట్టుడు ఉత్త ముచ్చటనా?

నా కోపం పటం మీద కాదు, వేలం మీద. వేలం కంపెనీ అమ్మేటోని దగ్గర కమీషన్ తీసుకుంటది, కొనేటోని దగ్గర తీసుకుంటది. మనకు తెలిసిన ఏజెంటు లెక్కనే. కొన్న షావుకారి దాన్ని గోదాముల పెట్టి రేటు పెరిగేదాక తాళం వేస్తే? ముందట మనిషి నడవకపోతే అది ఉత్త పలక.

అదే మనిషి చేసిన ఇంకో పని చెప్త. కారకాస్ దగ్గర మైకెటియా ఎయిర్‌పోర్టు నేల మీద, 1974 నుంచి 1978 దాక, రంగు రంగుల టైల్స్‌తో పరిపించిండు. తర్వాత ఆ దేశం ఆగమైంది. 70 లక్షల మందికి పైగ బతుకుదెరువుకు దేశం విడిచిండ్రు. పోయేటోళ్లు ఎందరో ఆ టైల్స్ మీద కాళ్లు పెట్టి, వంగి ఆ కాళ్లకే ఫోటో తీసుకున్నరు. సొంత దేశం నేల మీద ఆఖరి ఫోటో అది. శంషాబాద్‌ల లోపలికి పోయేముందు వెనక్కి తిరిగి చూసిన మనకు అది ఇంకొకరు చెప్పాల్నా? ఆయన కూడా 1960ల పారిస్ పోయి, 2019ల అక్కడనే కన్నుమూసిండు.

వేలంల పలికిన పటం ఒక్కని ఇంట్లకు పోతది. ఆ నేల మాత్రం సూట్‌కేసు పట్టుకున్న ప్రతి మనిషిది. దాన్ని పరిచిన టైల్స్ మేస్త్రీల పేర్లు ఏ క్యాటలాగుల ఉండయి, అయినా లెవల్ పట్టింది వాళ్ల చేతులే.

అందుకే "మనకెందుకు" అనకుండ్రి. ఆ మాట మనతోని అనిపిచ్చుకునుడే పైనోళ్లకు కావాలె. క్యాంపు, సైటు, మళ్ల క్యాంపు. చేతులు చాలు, కండ్లు ఎందుకు అంటరు. మస్కట్‌ల అద్దం, అల్యూమినియం, రాయి బిగించింది మనం. శుక్రవారం నాడు మనం కట్టిన బిల్డింగు ముందు ఒకసారి ఉత్తగ నడవండ్రి. పొద్దుగూకే యాళ్లకు ఆ గోడ రంగు ఎట్ల మారుతదో చూసి, ఇంటికి ఫోన్ల పిల్లలకు చెప్పండ్రి. దానికి ఏ షావుకారి పర్మిషన్ అక్కర్లేదు.

తిట్టాలనిపిస్తే కామెంట్ల తిట్టండ్రి, జవాబు ఇస్త.