ఆపరేషన్ అయిన మోకాలు ఆటకు సిద్ధమైందా?
నొప్పి తగ్గగానే బరిలోకి దిగితే ముప్పు తప్పదు

ప్రొద్దుటూరు: సంక్రాంతి కబడ్డీ పోటీలలో కూతకు వెళ్ళిన కుర్రవాడి కాలు ఎదుటివారి పట్టులో చిక్కి, ఒళ్ళొక వైపు, మోకాలొక వైపు తిరిగిందంటే చాలు, అతడు కూలబడిపోతాడు. పల్లెల్లో దీనిని 'నరం తెగింది' అంటారు. నిజానికి తెగేది మోకాలి లోపల తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి కట్టివుంచే లిగమెంటు. దీనికి శస్త్రచికిత్స చేయించుకొనే యువకులు ఇప్పుడు పల్లెల్లో కూడా వున్నారు. కాగా, ఆపరేషన్ అయిన తర్వాత మళ్ళీ ఎప్పుడు ఆడవచ్చునన్న విషయంలోనే అసలు చిక్కు వస్తోంది. నొప్పి లేదు, కుంటడం లేదు, కాబట్టి బాగైపోయిందనుకోవడం పెద్ద పొరపాటు.

అంటు కట్టినట్లే

తెగిన లిగమెంటు స్థానంలో సాధారణంగా రోగి తొడ వెనుక నుంచి గాని, మోకాలిచిప్ప కింద నుంచి గాని తీసిన స్నాయువును వైద్యులు అమరుస్తారు. పులివెందుల చీనీ రైతుకు ఇది సులభంగా అర్థమవుతుంది. అంటు కట్టిన మొక్క పచ్చగా వున్నంత మాత్రాన ఆ ఏడే కాపు ఆశించరు కదా! అమర్చిన స్నాయువు కూడా మొదటి నెలల్లో బలహీనపడి, దానికి రక్తప్రసారం ఏర్పడిన మీదట క్రమంగా గట్టిపడుతుంది. ఇందుకు ఏడాది, ఆ పైన కూడా పట్టవచ్చు. నొప్పి, వాపు మాత్రం చాలామందికి అంతకు ఎంతో ముందే తగ్గిపోతాయి. మోసపోయేది ఇక్కడే.

2016లో ప్రచురితమైన డెలావేర్-ఓస్లో అధ్యయనంలో 106 మందిని 2 సంవత్సరాలపాటు గమనించారు. ఆపరేషన్ తర్వాత 9 నెలలు నిండేవరకు, ఆటకు వెళ్ళడం ఒక్కొక్క నెల ఆలస్యం చేసినకొద్దీ మళ్ళీ గాయపడే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతూ వచ్చింది. పరీక్షలలో నెగ్గకుండా ఆడినవారిలో నూటికి 38 మంది మోకాలికి మళ్ళీ గాయమైంది. నెగ్గిన తర్వాత ఆడినవారిలో నూటికి 6 మందికి మాత్రమే అలా జరిగింది. నెగ్గినవారి సంఖ్య తక్కువే అయినా, ఈ తేడాను కొట్టిపారేయడానికి వీలులేదు.

గోపీచంద్ ఉదంతం

అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణెలో జాతీయ క్రీడలలో ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. శస్త్రచికిత్సల అనంతరం కోలుకొని 1996 నుంచి వరుసగా 5 సార్లు జాతీయ సింగిల్స్ విజేత అయ్యారు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. లిగమెంటు తెగినంత మాత్రాన ఆట ముగిసిపోదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగాట్ 2023 ఆగస్టులో మోకాలి ఆపరేషన్ చేయించుకొని, 8 నెలలకే 2024 ఏప్రిల్‌లో పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించారు. అయితే ఆ స్థాయి క్రీడాకారుల వెంట ఫిజియోథెరపిస్టు, శిక్షకులు నిత్యం వుంటారు. జమ్మలమడుగు పక్కపల్లె కుర్రవాడికి ఆ వసతి లేదు. ఆమె 8 నెలల లెక్క అతనికి వర్తించదు.

ఏమేమి చూడాలి?

మొదట మోకాలు పూర్తిగా చాపగలగాలి, ముడవగలగాలి. ఆడిన మరునాడు వాపు రాకూడదు. తర్వాత తొడ ముందు కండరం బలాన్ని యంత్రంతో కొలిచి చూస్తారు. బాగున్న కాలి బలంలో అది నూటికి 90 వంతులకు తగ్గకూడదు. ఒంటికాలిపై గెంతి చూడడం మరొక పరీక్ష. బాగున్న కాలితో 150 సెంటీమీటర్లు గెంతితే, ఆపరేషన్ అయిన కాలితో కనీసం 135 గెంతాలి. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతున్నదేమో కూడా చూడాలి.

ఇందులో ఒక మెలిక వుంది. నెలల తరబడి ఆట లేక బాగున్న కాలు కూడా బలం తగ్గివుంటుంది. దానితో పోల్చి సమానమని సంతోషించరాదు. ఏ ఒక్క పరీక్షనో నమ్మకుండా అన్నీ కలిపి చూడాలని నిపుణులు అనడానికి కారణమిదే. మనసులో భయం పోయిందా అన్నది కూడా ముఖ్యమే. ఇందుకు 12 ప్రశ్నల పట్టిక ఒకటి వాడుకలో వుంది. ఇవన్నీ నెగ్గినా మొదట నేరుగా పరుగు, పిమ్మట మలుపులు, ఆపైన సాధన, చివరకు పోటీ అన్న వరుస తప్పరాదు.

పోలీసు ఉద్యోగాల సంగతి

కానిస్టేబుల్ ఎంపికలో పరుగు పందేలతోపాటు లాంగ్‌జంప్ కూడా వుంటుంది. ప్రకటన వెలువడగానే 5వ నెలలోనే సాధన మొదలుపెట్టే అభ్యర్థి ఒంటికాలి మీద ఎగరవలసి రావచ్చునన్న సంగతి మరువరాదు. 25 ఏళ్ళ లోపు వయసులో తిరిగి ఆటకు దిగిన క్రీడాకారులలో సుమారు నలుగురిలో ఒకరికి ఏదో ఒక మోకాలి లిగమెంటు మళ్ళీ తెగినట్లు పలు అధ్యయనాలు కలిపి చూస్తే తేలింది. రెండవసారి తెగితే పోయేది ఆట ఒక్కటే కాదు. మడిలో దిగడం, మూట ఎత్తడం, అరటిగెల మోయడం కూడా కష్టమవుతుంది. రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు.

ఆపరేషన్‌కు అప్పు చేసి అయినా వేలు పోసే కుటుంబాలు, ఆ తర్వాతి వ్యాయామాన్ని అనవసరపు ఖర్చుగా భావించరాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రభుత్వాసుపత్రులలో నెలకు ఒక రోజైనా ఇలాంటివారికి పరీక్షలు జరిపే ఏర్పాటు చేస్తే ఎంతో మేలు. గెంతు పరీక్షకు కావలసింది ఒక టేపు, చదునైన నేల, తెలిసిన మనిషి. పోటీల నిర్వాహకులు కూడా ఆపరేషన్ అయిన ఆటగాడి నుంచి వైద్యుని ధ్రువపత్రం అడగడం మంచిది. ఈ సంక్రాంతికి ఆడకపోతే వచ్చే సంక్రాంతి వుంటుంది. మోకాలి విషయంలో తొందర పనికిరాదని ఇంటి పెద్దలే కుర్రవాళ్ళకు నచ్చజెప్పవలసిన అవసరం ఎంతైనా వుంది.